దగ్గు లేని కొలత

మార్చి 3

ఇంట్లో నా ప్రశ్నలు వినేవాళ్లు కరువయ్యారు. పొద్దున టీ తాగుతూ, "పేగు మధ్యలో ముక్క కోసి తీసేశాక ఆ రెండు కొసలనీ ఎలా కలుపుతారంటావ్? ఎదురెదురుగా పెట్టి కుడతారా, ఒకదాని మీద ఒకటి వేసి కుడతారా?" అని అడిగితే మా ఆవిడ కప్పు కింద పెట్టేసి లేచి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, బీరువాలో ఏళ్లుగా ఖాళీగా పడి ఉన్న ఈ డైరీ నా ఒళ్లో పడేసింది.

"ఇందులో అడగండి. దీనికి టీ చల్లారిపోదు," అంది.

సరే, అడుగుతాను. నాకు పెద్దపేగులో క్యాన్సర్. ఇదిగో, రాశాను. చేతిరాత ఏమీ వణకలేదు.

సర్జన్ గారు మంచి మనిషే కానీ ఆయన ప్యాంటు నడుం దగ్గర వదులు, బెల్టు బిగిస్తే వెనకంతా కుచ్చిళ్లు పడుతున్నాయి. కొలత తీసినవాడెవడో గానీ తొందరపడ్డాడు. స్కాన్ ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూపించి, "కణితి చిన్నదే మాస్టారూ. దాని చుట్టూ ఉన్న మీరే పెద్దవారు," అన్నారు. లావంటే చర్మం కిందే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. లోపల కూడా ఉంటుందట, పేగుల మధ్య దూది కూరినట్టు. కెమెరాతో చిన్న చిల్లుల్లోంచి చేద్దామనుకుంటున్నారు, ఆ దూది అడ్డమొస్తే మాత్రం పొట్ట తెరవాల్సిందేనన్నారు. తెరిస్తే గాయం మానడానికి నాలాంటివాళ్లకి ఇబ్బందులు ఎక్కువట. ఎందుకు ఎక్కువ అని అడిగేలోపు మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

మార్చి 6

ఇవాళ నవ్వాలో ఏడవాలో తెలియని పని జరిగింది.

మా టైలరింగ్ షాపులో ఒక పద్ధతి ఉంది. కొలత నేను పైకి చెబుతాను, బావమరిది రాసుకుంటాడు. పొట్ట ఉన్న మనిషికి నడుం కొలత ఉన్నదున్నట్టు చెబితే అద్దంలో అతని మొహం మాడిపోతుంది. అందుకని తగ్గించి చెప్పి, ఎన్ని అంగుళాలు తగ్గించానో అన్నిసార్లు దగ్గుతాను. బావమరిది కలుపుకుని రాస్తాడు. మనిషి ఆనందంగా వెళతాడు, ప్యాంటూ సరిగ్గా పడుతుంది. పక్కన కూర్చుని కాజాలు కుట్టే మా ఆవిడకీ ఈ దగ్గు సంగతంతా తెలుసు. ఒకసారి నాకు నిజంగానే జలుబు చేసిన రోజు కొలిచిన ప్యాంటులో ఇద్దరు పట్టేవాళ్లు.

మత్తు డాక్టరు గారు నా బరువెంతని అడిగారు. ఒక అంకె చెప్పి, అలవాటుకొద్దీ దగ్గాను. బాగా దగ్గాను. ఆయన కలుపుకోలేదు. "దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉంది?" అంటూ ఊపిరితిత్తుల ఫొటో తీయించుకు రమ్మని చీటీ రాయబోయారు.

మా ఆవిడ తల పట్టుకుని, "అది దగ్గు కాదండీ, బరువు," అంది.

ఆయనకి అంతా విప్పి చెప్పాల్సి వచ్చింది. నవ్వారు గానీ నన్ను వరండాలో ఉన్న బరువు యంత్రం ఎక్కించారు. అంకె కాళ్ల దగ్గర పడుతుంది. నా పొట్ట మీదుగా నాకు కనబడదు. సిస్టర్ వంగి చూసి చదివింది. మత్తు ఎంత ఇవ్వాలో బరువుని చూసి లెక్క కడతారట, తప్పు చెబితే ఆ లెక్క తప్పుతుందట. ఈ ముక్క ముందే చెబితే దగ్గేవాణ్ని కాదు కదా.

మార్చి 10

రేపే ఆపరేషన్. భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనని రాశాను. తగ్గలేదు.

మార్చి 13

నవ్వకూడదు, దగ్గకూడదు. నా వ్యాపారమే ఆ రెండూ.

మార్చి 15

ఇవాళ కుర్చీలో కూర్చోబెట్టారు. కెమెరాతో మొదలుపెట్టి సగంలో ఆపి పొట్ట తెరిచారట. బొడ్డు పైనుంచి కిందిదాకా నిలువు గీత. సర్జన్ గారు, "లోపల దారి కనబడలేదు మాస్టారూ. పక్కకి తోస్తే మళ్లీ వచ్చి పడేది," అన్నారు. నా కొవ్వు కూడా నాలాగే, వద్దన్న చోటికే వెళ్లి తొంగిచూస్తుందన్నమాట. పేగు కొసలు మాత్రం చక్కగా కలిశాయట. ఎదురెదురుగా కాదు, పక్కపక్కన పెట్టి, చిన్న యంత్రంతో పిన్నులు కొట్టినట్టు కలిపారట. ఆ యంత్రం చూడాలని ఉంది.

ఊపిరి పీల్చి మూడు బంతుల్ని పైకి లేపే బొమ్మొకటి ఇచ్చారు. పొట్ట బరువు కింద నుంచి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది కాబట్టి నేను మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు ఊదాలో పీల్చాలో, ఏదో చెయ్యాలి. ఒక బంతి లేస్తోంది. రెండోది ఆలోచిస్తోంది.

సర్జన్ గారు దొరికారు కదా అని అడిగాను, ఎన్ని పొరలు కుట్టారని. కింద కండరం పొరకి గట్టి దారంతో, పైన చర్మానికి ఒకటి. మధ్యలో కొవ్వు నాలుగు వేళ్ల మందం, అది ఊరికే ఆనుకుని ఉందట.

"దూది పరుపుకి మధ్యమధ్యలో టాకాలు వేస్తారు కదండీ. అలా వెయ్యాల్సింది," అన్నాను.

"పరుపుకి ప్రాణం లేదు మాస్టారూ. కొవ్వుకి రక్తం అందేదే తక్కువ. అందులో గట్టిగా కుట్లు వేస్తే ఉన్న రక్తం కూడా అందక చచ్చిపోతుంది. కుట్టకపోతే ఆ సందులో నీరు చేరొచ్చు. నీరు చేరితే చీము పట్టొచ్చు. రెండింట్లో ఏది నయమో చూసుకుని చేస్తాం."

నా విద్య ఇక్కడ పనికిరాదని తేలిపోయింది. చిన్నబుచ్చుకోవాల్సింది పోయి సంబరంగా అనిపించింది, ఎందుకో. ఇంతకాలం మోసిన పొట్ట గురించి ఇవాళే మొదటిసారి విన్నట్టుంది.

మార్చి 19

ఇంటికి పంపిస్తున్నారు. తీసిన ముక్క పరీక్షలో చుట్టూ ఉన్న చిన్న గ్రంథుల్లో రెండింటికి క్యాన్సర్ పాకిందని తేలింది. అంటే కీమో తప్పదు.

సర్జన్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పారు. "నెలన్నరలో మొదలుపెడదాం. మహా అయితే రెండు నెలలు, అంతకు మించకూడదు. కానీ గాయం మానితేనే. మానని గాయం మీద ఆ మందు పడితే ఉన్నది కాస్తా చెడుతుంది. కాబట్టి రోజూ గాయం మొత్తం చూసుకోవాలి, కిందిదాకా. ఎరుపు, తడి, వాసన, జ్వరం. వీటిలో ఏది కనబడినా ఆ రోజే రావాలి."

నాకు అర్థమైంది. పై కుట్టు మీద లోపలి మందు ఆధారపడి ఉంది. మా ఆవిడ ఎరుపు, తడి, వాసన, జ్వరం అని దారిపొడుగునా గొణుక్కుంటూనే ఉంది.

మార్చి 21

గాయం పైసగం చూసుకున్నాను, ముద్దొచ్చేలా ఉంది. కిందిసగం పొట్ట మడతలోకి వెళ్లిపోయింది. పొట్ట కింద ఏముందో నేను చూసుకుని ఎన్నేళ్లయిందో. పడుకుని మా ఆవిణ్ని చూడమన్నాను. మడత ఎత్తి చూసింది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది. చివర్న కాస్త ఎర్రగా, అంతే."

దగ్గింది.

మార్చి 22

"ఎరుపు ఎంత ఉంది?" అని అడిగాను.

"చొక్కా గుండీ అంత."

రెండుసార్లు దగ్గింది. ఋతువు మారుతోంది. ఈ రోజుల్లో అందరికీ జలుబులే.

మార్చి 23

మా ఆవిడ జలుబు తగ్గలేదు. వేడినీళ్లు తాగమన్నాను. గాయం బాగానే ఉందంది. రెండు బంతులు లేస్తున్నాయి.

మార్చి 25

చొక్కా కింద అంచు తడిగా ఉంది. చెమట. ఫ్యాను సరిగా తిరగడం లేదు, బావమరిదికి చెప్పాలి. నాకూ కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది. ఆవిడ జలుబే అంటుకుని ఉంటుంది.

మూడో బంతి లేచింది! ఊపిరితిత్తులు బాగున్నాయంటే మనిషి బాగున్నట్టే కదా.

మార్చి 26

ఏదో కోటు చంక దగ్గర పట్టేస్తోందని అడగడానికి బావమరిది వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ముక్కు ఎగబీల్చి, అటూ ఇటూ చూశాడు.

"బావా, ఏదో వాసన వస్తోంది."

"దుప్పటి ఉతకలేదురా," అంది మా ఆవిడ. "గాయం బాగానే ఉంది. పొద్దున చూశాగా. కాస్త చెమ్మ, అంతే." ఒకటే దగ్గు.

వాడు అక్క మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా, "ఎంత కలుపుకోవాలక్కా?" అన్నాడు.

ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గదిలో ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది. ఇవాళే గమనించాను.

కోటు వీపు ఎలా పడిందో చూపించడానికి షాపులో పిడి అద్దం ఒకటుంది. వాడు పరిగెత్తి అది పట్టుకొచ్చాడు. ఒక చేత్తో మడత ఎత్తి రెండో చేత్తో అద్దం పట్టాడు. చూశాను. గుండీ కాదు. అరచెయ్యి అంత ఎరుపు, మెరుస్తూ, మధ్యలో రెండు కుట్లు మాంసంలోకి దిగబడిపోయి, వాటి సందులోంచి పచ్చగా కారుతోంది. వాడు మొహం తిప్పుకోవడంతో అద్దం పక్కకి జరిగింది. కదలకుండా పట్టమన్నాను, సరిగ్గా చూడాలనుంది. భయం తర్వాత వచ్చింది, ఆటోలో.

మార్చి 27

మళ్లీ వార్డు. సర్జన్ గారు మంచం మీదే కింది కుట్లు విప్పేశారు. కప్పెడు చీము. విప్పగానే నొప్పి సగం తగ్గడం వింతగా అనిపించింది. లోపల వేలు పెట్టి చూసి, కండరం కుట్టు గట్టిగానే ఉందన్నారు. కొవ్వు పొర మాత్రం విడిపోయింది. సిస్టర్ దూది చుట్టిన పుల్ల లోపలికి దింపి, ఎక్కడిదాకా తడిసిందో స్కేలు మీద పెట్టి చూసింది. నా మూడు వేళ్ల లోతు.

"ఎరుపు కనబడ్డ రోజే వచ్చి ఉంటే..." అని ఆగిపోయారు సర్జన్ గారు. "సరే, పర్లేదు." 

నెలన్నరకి కీమో కుదురుతుందా అని నేను అడగలేదు. ఇన్ని అడిగేవాణ్ని, అదొక్కటీ అడగలేదు.

మార్చి 29

మా ఆవిడతో పోట్లాడాను. పక్క మంచం ఆయన మొహమాటపడి నడవడానికి వెళ్లాడు, పాపం నడవకూడని మనిషి.

"సర్జన్ గారు అంతలా చెప్పారు కదా. నాకు చెప్పాలనిపించలేదా నీకు?"

"చెప్పాను. దగ్గాను. మీరు కలుపుకోలేదు."

"అది జలుబనుకున్నాను."

"అనుకున్నారా?" అంది, నా కళ్లలోకి చూసి. "ఇన్నేళ్లు ఆ షాపులో కూర్చున్నాను. దేనికి దగ్గో, ఎందుకు దగ్గో మీకు తెలియదంటే నేను నమ్మాలా?"

ఆవిడ మళ్లీ అంది, ఈసారి నెమ్మదిగా. "మీరు కలుపుకుని, పద హాస్పిటల్‌కి అంటారేమోనని రోజూ చూశాను. అనకపోతే నాకూ హాయిగానే ఉండేది. ఆ మడత ఎత్తినప్పుడల్లా వెంటనే దించేయాలనిపించేది. పైకి అనేస్తే నిజమైపోతుందనిపించేది."

నాకు కోపం ఆవిడ మీద కాదు. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక ఆవిడ మీద పెట్టాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఏడిస్తే గాయం లాగింది.

ఇక మీదట ఇంట్లో దగ్గు ఉండకూడదని అనుకున్నాం.

ఏప్రిల్ 3

గాయంలో నల్ల స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం అతికించి, గొట్టంతో చిన్న పంపుకి తగిలించారు. నీరంతా అది లాగేస్తుంది. రాత్రీ పగలూ గుర్‌మంటూ ఉంటుంది, పెంపుడు జంతువులాగా. వార్డులో దానికి నా పేరే పెట్టారు.

సర్జన్ గారిని పట్టుకుని ఒక్కొక్కటీ అడిగాను. పైన చర్మం లాగి మళ్లీ కుట్టేయొచ్చు కదా? కుదరదట. గాయం అడుగునుంచి పైకి పూడుతూ రావాలి. పైన ముందు మూసుకుంటే అడుగున మళ్లీ చెడుతుంది. పోనీ ఇప్పటి నుంచి తిండి మానేసి బరువు తగ్గనా? అస్సలు వద్దన్నారు. పూడాలంటే ఒంటికి మేత కావాలి, మాంసం, గుడ్లు, పప్పులు బాగా తినాలి, బరువు సంగతి తర్వాత. ఇంత లావు మనిషికి బలం తక్కువ కావడమేమిటో! ఒంట్లో కొవ్వు ఉన్నంత మాత్రాన కండ ఉన్నట్టు కాదట.

చివరికి, "లావుగా ఉన్నవాళ్లందరికీ ఇలాగే అవుతుందాండీ?" అన్నాను.

"లేదు. ఇదే వార్డులో మీకంటే లావుపాటి మనిషి కుట్టు ఊడకుండా ఇంటికెళ్లాడు. మిగతావాళ్లకంటే మీలాంటివాళ్లలో ఎక్కువమందికి అవుతుంది, అంతే."

"అయితే ఇది నా తప్పేనా?"

ఆయన పంపు వైపు చూస్తూ, "తప్పు కొలిచే టేపు నా దగ్గర లేదు మాస్టారూ. లోతు కొలవగలను," అన్నారు.

ఏప్రిల్ 11

ఇల్లు. పంపు తీసేశారు, డ్రెస్సింగ్ మా ఆవిడే చేస్తోంది. ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నాం. పుల్ల దింపుతుంది, నా చూపుడు వేలి పక్కన పెట్టి చూస్తుంది, చూసింది పైకి చెబుతుంది. నేను అద్దం పట్టుకుని చూస్తాను. ఇవాళ వేలి కొస నుంచి రెండో కణుపు దాకా ఉంది. అడుగు ఎర్రగా, గింజల్లాగా ఉంది. అలా ఉంటేనే మంచిదట.

డ్రెస్సింగ్ మధ్యలో ఆవిడ గబుక్కున లేచి వీధి గుమ్మం దగ్గరికి వెళ్లి, అక్కడ దగ్గి, ముక్కు తుడుచుకుని వచ్చింది.

"నిజం దగ్గండీ. మందు వాసన పడలేదు," అంది. నవ్వాను. నొప్పి రాలేదు.

ఏప్రిల్ 22

కీమో మొదలవ్వాల్సింది ఇవాళ. డ్రెస్సింగ్ మార్చుకుని కూర్చున్నాం.

మొదటి కణుపు. ఇంకా మొదటి కణుపు.

మే 5

షాపుకి వెళ్లాను, ఊరికే కూర్చోవడానికి. తనకంటే ముందే పొట్ట నడిచొచ్చే మనిషి ఒకాయన ప్యాంటుకి వచ్చాడు. బావమరిది టేపు నా చేతికిచ్చాడు. నడుం చుట్టూ వేశాను. ఆయన ఊపిరి బిగబట్టి పైకప్పు వైపు చూస్తున్నాడు. నేనూ అలా ఎన్నిసార్లు చూశానో.

తగ్గించి చెప్పి, మూడుసార్లు దగ్గాను. మా ఆవిడ కాజా మీద నుంచి తలెత్తి చూసింది.

"ప్యాంటు కదా. విప్పి మళ్లీ కుట్టొచ్చు," అన్నాను. ఆవిడ ఒప్పుకుందో లేదో తెలియదు, దారం కొరికింది.

గాయం గోరంత లోతు ఉంది.

మే 14

సర్జన్ గారు గాయం మీద వేలు రాసి చూశారు. పూడిపోయింది. సన్నటి గులాబీ రంగు గీత, కింద చివర కాస్త వంకర. సోమవారం కీమో మొదలు. మా ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నేను మార్చి నుంచి అడగనిది తనే అడిగింది.

"ఆలస్యమైంది కదండీ. దానివల్ల తేడా ఏమైనా ఉంటుందా?"

"పెద్ద తేడా ఏముండదమ్మా," అన్నారు ఆయన. అని, దగ్గారు. ఒక్కసారే.

మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం. ఆయన గొంతులో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. గదిలో చల్లగా కూడా ఉంది. జలుబే అనుకుని లేచి వచ్చేయడం నాకు బాగా చేతనైన పని. కాళ్లు లేవబోయాయి కూడా.

"ఎంత కలుపుకోమంటారండీ?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మా ఆవిడ చెప్పింది, టేపు, బావమరిది, జలుబు, గుండీ, అన్నీ. నవ్వడం మొదలుపెట్టిన మనిషి సగంలో ఆపేశారు. మూసిన పెన్ను మళ్లీ తీసి, ఏమీ రాయకుండా బల్ల మీద పెట్టారు.

"సరే మాస్టారూ. తేడా ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ మందు చేసే మేలు కొంత తగ్గుతుంది. మీ ఒక్కరికి ఎంత తగ్గిందో చెప్పగలిగేవాళ్లు ఎక్కడా లేరు. నేను తక్కువ చేసి చెప్పినా, ఎక్కువ చేసి చెప్పినా అబద్ధమే. మొదలుపెట్టకపోతే పోయేదానికంటే ఇది చాలా తక్కువ, అది మాత్రం గట్టిగా చెప్పగలను. ఇంకోటి. ఆ కుట్టు ఉన్నచోట కండరం బలహీనంగా ఉంటుంది. మీ పొట్ట బరువుకి ముందు ముందు అక్కడ పేగు బయటికి పొంగొచ్చు. బరువులు ఎత్తొద్దు. కీమో అయ్యాక ఒళ్లు తగ్గే సంగతి నిదానంగా చూద్దాం."

"అంతేనాండీ?"

"అంతే. ఇంక కలుపుకోవాల్సింది లేదు."

గుండెల్లో రాయి పడింది. కానీ ఆ రాయి ఎంతదో తెలిసింది. మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, అది నా చేతికంటే చల్లగా ఉంది. వస్తూ వస్తూ ఆయన ప్యాంటు సంగతి కూడా చెప్పేశాను, షాపుకి రండి, నడుం సరిచేస్తానని. కొలత పైకి చెప్పొద్దన్నారు.

వరండాలో సిస్టర్ ఆపింది. కీమో మోతాదు లెక్కకి పొడుగూ బరువూ కావాలట. పొడుగు చూసి, బరువు యంత్రం ఎక్కించింది. ఆ పాతదే, అంకె కాళ్ల దగ్గర పడేది. చుట్టూ బెంచీల నిండా జనం. రెండు నెలల తర్వాత కూడా నా పొట్ట మీదుగా నాకు అది కనబడలేదు.

సిస్టర్ వంగబోతుంటే, "ఆవిణ్ని చదవనివ్వండి," అన్నాను.

మా ఆవిడ వంగింది. పైకే చదివింది, బెంచీల మీద వాళ్లంతా వినేట్టు. నేను పైకప్పు వైపు చూస్తూ ఊపిరి బిగబట్టి ఆగాను. ఇంకాస్త ఆగాను.

ఆవిడ దగ్గలేదు. ఆ అంకె సిస్టర్ ఉన్నదున్నట్టు రాసుకుంది.